మరణ విచారణ

నెల్లూరు జిల్లాలో పెన్నానది సముద్రమున గలియు చోటికి చేరువగా ఇందుకూరుపేట యను ఊరు కలదు. ఆ సీమలో ఒకవైపు వరిచేలు, వేరొకవైపు మైపాడు తీరమున మత్స్యకారుల పడవలు, తీరము వెంబడి బకింగ్‌హాము కాలువ కానవచ్చును. నీరే ఆ ప్రాంతమునకు అన్నము పెట్టుచున్నది. ఆ నీరే ఒక్కొక్కప్పుడు ప్రాణములను హరించుచున్నది.

ఒక ఉదయమున కాలువలో ఒక కూలివాని శవము తేలినదనుకొందము. ఇంటివారు గొల్లుమని యేడ్తురు. గట్టుమీద చేరిన జనము తలకొక మాట యందురు. కాలు జారెనని ఒకరు, మూర్ఛ వచ్చెనని ఒకరు, ఎవరో త్రోసిరని వేరొకరు చెప్పుదురు. ఈ మాటలలో ఏది నిజము? నిజము తేలకున్నచో నిర్దోషి నిందపాలు కావచ్చును, దోషి తప్పించుకొనవచ్చును. అందువలననే అకాలమరణమును విచారించు పద్ధతి ఏర్పడినది.

ఇంగ్లండు దేశమున ఈ పద్ధతి మిక్కిలి పాతది. మొదటి రిచర్డు రాజ్యము చేయుచుండగా 1194వ సంవత్సరమున అచట 'కరోనరు' అను అధికారులు ఏర్పడిరి. ఆ పేరునకు మూలము కిరీటమను మాట. రాజునకు రావలసిన సొమ్మును కాపాడుట వారి ముఖ్యమైన పని. ఎవరైన ప్రమాదవశమున మరణించినచో కరోనరు ఇరుగుపొరుగు వారిని జూరీగా గూర్చి విచారణ జరుపుచుండెను. మరణమునకు కారణమైనది బండియైనను, గుఱ్ఱమైనను, దానికి జూరీవారు వెల కట్టవలెను. ఆ వెల రాజునకు చెందును. దీనికి 'డియోడాండు' అని పేరు. దేవుని కీయవలసినదని దాని అర్థము. పోయినవాని ఆలుబిడ్డలకు మాత్రము అందులో హక్కు లేకుండెను.

పొగబండ్లు వచ్చిన పిదప ఈ ఆచారము క్రొత్త చిక్కులు తెచ్చినది. 1841 డిసెంబరు 24వ తేదీన సోనింగు అనుచోట వానలకు గట్టు విరిగి పట్టాలపై పడెను. రైలు ఆ మంటికి గ్రుద్దుకొనగా, పైకప్పు లేని బండ్లలో కూర్చున్న పేద ప్రయాణికులు వెనుకనున్న సరకు బండ్లకును ఇంజనునకును నడుమ నలిగిపోయిరి. ఎనమండుగురు అక్కడనే మరణించిరి. జూరీవారు ఆ ఇంజనుపైనను, బండ్లపైనను వేయి పౌనుల డియోడాండు విధించిరి. 1844లో మూడవ తరగతి ప్రయాణికులకు ఎండవానలనుండి మఱుగుగల బండ్లు ఉండవలెనని చట్టము వచ్చెను. 1846లో డియోడాండు రద్దయ్యెను. ఇతరుల తప్పువలన మరణించినవాని కుటుంబము నష్టపరిహారము కోరవచ్చునని ఆ యేడే వేరొక చట్టము చేసిరి. అట్టి చట్టమే 1855లో మన దేశమునకును వచ్చెను. రాజునకు పోవు సొమ్ము ఇట్లు దిక్కులేని బిడ్డలకు చెందునదాయెను.

మన దేశమున కరోనరులు పెద్ద నగరములకే పరిమితులై యుండిరి. బొంబాయిలో ఆ పదవి 1999 వరకు నిలిచినది. పల్లెలలో వేరు పద్ధతి యుండెను. అసహజమరణము జరిగినచో గ్రామాధికారి వెంటనే పోలీసులకు గాని మెజిస్ట్రేటునకు గాని తెలుపవలెనని 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు విధించెను. పోలీసు అధికారి శవమున్న చోటికే వచ్చి, ఆ ఊరి మర్యాదస్థులను కనీసము ఇద్దరిని పిలిచి, వారి యెదుట విచారించి నివేదిక వ్రాయవలెను. దీనినే మనవారు శవ పంచాయితీ యందురు. గ్రామ మునసబులు 1984లో పోయిరి. చట్టము పేరును మారినది. 2024 జులై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితయందును ఈ పద్ధతి నిలిచియే యున్నది.

పంచాయితీదారులు చూడవలసినవి పెక్కు కలవు. శవము ఏ తీరున నున్నది? గాయము లెచ్చట నున్నవి? ఏ ఆయుధముచే కలిగినట్లున్నవి? నీట మునిగినవాని పిడికిలిలో గడ్డియో నాచో బిగియబట్టి యున్నచో, నీటిలో పడునప్పటికి అతడు సజీవుడని తలచుటకు ఆధారము దొరకును. సంశయమున్నచో శవమును వైద్యుని పరీక్షకు పంపవలెను. పెండ్లియైన ఏడేండ్లలోపల స్త్రీ ఆత్మహత్య చేసికొన్నను, అనుమానాస్పదముగా మరణించినను ఆ పరీక్ష జరుపవలెనని 1983లో నియమము చేర్చిరి.

ఈ విచారణకు ఒక హద్దు కలదు. మరణకారణము పైకి ఎట్లు కనబడుచున్నదో తెలిసికొనుటయే దీని పని యనియు, ఎవరు ఎవరిని ఎట్లు కొట్టిరను వివరములు దీనికి అక్కరలేదనియు 1975లో ఆంధ్రప్రదేశ్ కేసొకదానిలో సుప్రీంకోర్టు చెప్పినది. నేరనిర్ణయము న్యాయస్థానముదే. కనుక పంచాయితీదారుడు తాను చూచినదే చెప్పవలెను. విన్నదానిని చూచినట్లు చెప్పరాదు. చదువకయే వ్రేలిముద్ర వేయరాదు. బలవంతులకు జంకి గాయమును దాచరాదు.

విద్యార్థులారా! చనిపోయినవాడు తన మాట తాను చెప్పుకొనలేడు. అతని పక్షమున నిజము పలుకుటకు పొరుగువారిని చట్టము పిలుచుచున్నది. రేపు మీరు పెద్దవారైన పిమ్మట ఆ పిలుపు మీకును రావచ్చును. నాడు మీ కన్నులు శ్రద్ధతో చూచి, మీ నాలుక సత్యము పలికెనేని, ఒక పేదయింటికి న్యాయము చేకూరును.