పథ్యం సరే, ఇన్‌హేలర్ ఆపొద్దు

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు, ఆస్తమా. మృగశిర కార్తెకు నాంపల్లిలో చేపమందు వేయించాం. 45 రోజుల పథ్యంలో ఇన్‌హేలర్ ఆపొచ్చా? పెరుగు, అరటిపండు మానిపించాలా?
– ఒక తల్లి, ఇబ్రహీంపట్నం

జవాబు: ఇన్‌హేలర్ ఆపకండమ్మా. చేపమందుతో ఆస్తమా నయమవుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. పెరుగో అరటిపండో తిన్న ప్రతిసారీ ఆయాసం వస్తే అలర్జీ ఉందేమో డాక్టరుకు చూపించండి. లేదంటే నిక్షేపంగా పెట్టండి. ఎదిగే పిల్లాడి నోరు కట్టేస్తే నీరసమే మిగులుతుంది. సల్ఫైట్లు కలిపి నిల్వచేసిన ఎండు పండ్లు మాత్రం కొందరికి పడవు. రాత్రి భోజనం కాస్త పెందలాడే పెట్టండి. తిన్న వెంటనే పడుకుంటే కడుపులో ఆమ్లం పైకి తన్ని దగ్గు పెరుగుతుంది. బాబు బొద్దుగా ఉంటే బరువు తగ్గించడం మేలు. నన్నడిగితే, కూర కన్నా ఎండుమిరపకాయల తాలింపు ఘాటుతోనే ఎక్కువ జాగ్రత్త! ఇన్‌హేలర్ పీల్చినా ఆయాసం తగ్గకపోతే, మాట పూర్తిచేయలేకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.