ఆరూ ఒక్కలా కొట్టాలి

ఆటోనగర్, విజయవాడ

చి. రాఘవకు,

నీ ఉత్తరం అందింది. సొంతంగా డీజిల్ పంపులు బాగుచేసే రూము తెరిచావంటే ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. పాత టాటా 697 ఇంజన్ లారీ మిస్సింగ్‌తో వచ్చిందనీ, ఓనరు మూడు రకాల నాజిళ్లు తెచ్చి ఏది వేయాలో నిన్నే తేల్చమన్నాడనీ రాశావు.

ముందు తప్పు ఇంజెక్టర్‌దేనా అన్నది చూడు. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా ఒక్కో ప్రెషర్ పైపు నట్టు కాస్త వదులు చెయ్యి. మంచి సిలిండర్‌ది వదిలితే ఇంజన్ కుంటుతుంది. ఏది వదిలితే తేడా రాలేదో మిస్సింగ్ అక్కడుంది. అంతమాత్రాన ఇంజెక్టర్ పోయిందనకు. దాన్ని పక్క సిలిండర్‌లోకి మార్చు. మిస్సింగ్ కూడా వెంట వెళ్తే ఇంజెక్టర్‌దే తప్పు. అక్కడే ఉండిపోతే వాల్వులో, రింగులో చూసుకోవాలి. ఈ నట్టు వదిలే పని కామన్ రైల్ బండ్ల మీద మాత్రం ఎప్పుడూ చెయ్యకు. వాటి లైన్లో పీడనం 1000 బార్లు దాటొచ్చు.

ఇక నాజిళ్లు. ఒంటి మీద చెక్కిన నంబరు చదువు. డి.ఎల్.ఎల్.ఎ. తర్వాతి అంకె స్ప్రే కోణం. పిస్టన్ గుంటకు తగ్గట్టు ఆ కోణం పెడతారు. 150 ఉండాల్సిన చోట 140 కూడా బిగుసుకుంటుంది, ఇంజన్ కూడా తిరుగుతుంది, కానీ డీజిల్ పడాల్సిన చోట పడదు. నంబరు కలవని సెట్టు ఎంత చవకైనా పక్కన పెట్టేయ్.

నంబరు కలిసిన వాటిని నాజిల్ టెస్టర్ మీద పెట్టు. హ్యాండిల్ నెమ్మదిగా నొక్కుతూ ఏ పీడనం దగ్గర తెరుచుకుంటుందో చూడు. ఎంత ఉండాలన్నది ఆ ఇంజన్ మాన్యువల్ చెప్పాలి, పక్క షాపు వాడు కాదు. తర్వాత తొందరలో చాలామంది వదిలేసే పని ఒకటుంది. తెరుచుకునే పీడనానికి 10, 20 బార్లు తక్కువలో పట్టి 10 సెకన్లు ఆగు. మొన నుంచి చుక్క రాలకూడదు. కారే నాజిల్ నల్లపొగ తెస్తుంది, నాక్ తెస్తుంది, చివరికి పిస్టన్ నెత్తిని కాల్చేస్తుంది. ఆ 10 సెకన్ల ఓపిక ఒక పిస్టన్‌ను కాపాడుతుంది. ఆ తర్వాత వేగంగా కొట్టి చూడు. అన్ని రంధ్రాల నుంచీ సమానంగా మంచులా రావాలి, దారల్లా కాదు.

టెస్టర్ ముందు చెయ్యి పెట్టకు, నీ దగ్గర పనిచేసే పిల్లాణ్ణీ పెట్టనివ్వకు. ఆ స్ప్రే చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా ఉండకపోవచ్చు. అయినా చెయ్యి పోయే ప్రమాదం. ఎవరికైనా అలా జరిగితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆయిల్ ఒంట్లోకి దూరిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పు.

ఆరు నాజిళ్లూ తెరుచుకున్న పీడనాల అంకెలు పుస్తకంలో వరసగా రాసుకో. ఒకటి ముందు తెరుచుకుని, ఇంకొకటి ఆలస్యమైతే ఒక్కోటీ బాగున్నా ఇంజన్ ఊగుతుంది. అందుకే ఐదు కొత్తవీ ఒక పాతదీ కలిపిన సెట్టు కంటే, ఒకే పీడనానికి తెచ్చిన ఆరు రీకండిషన్ నాజిళ్లే నాకిష్టం. తేడాను షిమ్ములతో సరిచెయ్యి. 0.05 మి.మీ. మందం మారినా పీడనం కొన్ని బార్లు కదులుతుంది. ఒకదాని సూది ఇంకోదాని బాడీలో వెయ్యకు, అవి జతగా అరగదీసినవి. మొనను ఇత్తడి బ్రష్‌తోనే తుడువు, ఎమరీ కాగితం తగలనివ్వకు.

డబ్బాలోంచి తీసిన కొత్తవాటికీ ఇవే పరీక్షలు. ముందు వాటికి పూసిన ఆయిల్ కడిగెయ్యి. బిగించేటప్పుడు పాత కాపర్ వాషర్లు వాడకు, సరైన మందంవి కొత్తవి వెయ్యి.

ఆ ఓనరుకు టెస్టర్ దగ్గరే నంబరు కలిసిన సెట్లన్నీ కొట్టి చూపించు. ఏది వెయ్యాలో అతనికే తెలుస్తుంది. ఆరు అంకెలూ ఈసారి ఉత్తరంలో రాయి, మాన్యువల్ పక్కన పెట్టుకుని చూస్తాను.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య