జీపు ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేయించేవారికి: చేయవలసినవి - చేయకూడనివి

థార్, గూర్ఖా, జిమ్నీ వంటి బళ్ళున్న హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాసులకు ఈ సూచనలు. ఆదివారం రాచకొండ గుట్టలవైపు వెళ్ళే బండి మిగతా ఆరు రోజులూ మెట్రో స్తంభాల పక్కన ట్రాఫిక్‌లోనే తిరుగుతుంది. నిర్ణయం ఆ ఆరు రోజులను చూసి తీసుకోండి.

చేయవలసినవి

• ముందు అవసరం తేల్చుకోండి: బండి అడుగు రాళ్ళకు తగులుతోందా, టైరు పట్టు చాలడం లేదా, చూడటానికి ఎత్తుగా ఉండాలా? మూడోదైతే ఇక్కడే ఆగండి.

• టైర్లతో మొదలుపెట్టండి. కంపెనీ సైజులోనే మంచి ఏటీ (ఆల్ టెర్రైన్) టైర్లు వేస్తే చాలామంది అవసరం తీరిపోతుంది.

• మీ బండి అసలు సైజును తలుపు దగ్గరి స్టిక్కరులో, మాన్యువల్‌లో చూసుకోండి. థార్‌లోనే వేరియంట్‌ను బట్టి 245/75 ఆర్16 గానీ, 255/65 ఆర్18 గానీ టైర్లు వస్తాయి.

• కొత్త టైరు మొత్తం ఎత్తు లెక్క కట్టండి. 245/75 ఆర్16 ఎత్తు సుమారు 774 మి.మీ., 285/70 ఆర్17 ఎత్తు సుమారు 831 మి.మీ.

• ఆ 57 మి.మీ. తేడాలో సగమే డిఫరెన్షియల్ కింద జాగాగా మిగులుతుందని గుర్తుంచుకోండి. ఇంత ఖర్చుకు దక్కేది అంగుళం పైచిలుకు.

• లిఫ్ట్ కిట్ బాడీని లేపుతుంది తప్ప వెనక యాక్సిల్‌ను లేపదని తెలుసుకోండి. యాక్సిల్ కింద జాగా పెంచేది టైరు ఒక్కటే.

• టైరు పక్కనున్న లోడ్ ఇండెక్స్ చదవండి. 111 అని ఉంటే ఒక్కో టైరు 1,090 కిలోల వరకు మోస్తుంది, కంపెనీ ఇచ్చిన అంకెకంటే తక్కువది తీసుకోకండి.

• తయారీ తేదీ చూడండి. టైరు పక్కన డీఓటీ అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలు 3524 అయితే అది 2024లో 35వ వారం టైరు.

• స్టెప్నీతో కలిపి ఐదూ ఒకే సైజు వేయించండి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో సైజు తేడా ఉంటే గేర్ల మీద భారం పడుతుంది.

• పనికి ముందే ఆర్‌టీఏ కార్యాలయంలో అడగండి. కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీకి తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 నిషేధిస్తుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే స్పష్టం చేసింది.

• అనుమతిలేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చని తెలిసే ముందుకు వెళ్ళండి.

• ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. చెప్పని మార్పు బయటపడితే క్లెయిమ్ ఆగిపోవచ్చు.

• స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఒకే కిట్‌లో, మీ మోడల్‌కు, మీ బండి బరువుకు తయారైనవే కొనండి.

• చక్రాలు పూర్తిగా వేలాడేలా బండిని లేపించి బ్రేక్ హోస్, ఏబీఎస్ తీగలు బిగుసుకుంటున్నాయేమో మీ కళ్ళతో చూడండి. తెగిన బ్రేక్ హోస్‌కు రెండో అవకాశం ఉండదు.

• స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పించండి, బండిని పూర్తిగా కిందికి నొక్కించండి; టైరు ఎక్కడ తగిలినా ఆ సైజు మీది కాదు.

• జిమ్నీలో లిఫ్ట్ తర్వాత యాక్సిల్ ఒక పక్కకు జరిగిందేమో కొలిపించండి. జరిగితే అడ్జస్టబుల్ పాన్‌హార్డ్ రాడ్ వేయించి సరిచేయించండి.

• థార్‌లో ముందు చక్రాల డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లను ప్రతి సర్వీసులో చూపించండి. కోణం పెరిగితే బూట్లు చిరిగి గ్రీజు కారుతుంది.

• వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అదే రోజు చేయించండి; కాగితం తీసుకుని దాచుకోండి.

• హెడ్‌లైట్లను కిందికి దించి సరిచేయించండి. ఇది అందరూ మరిచిపోయేది. విజయవాడ హైవేలో ఎదుటి బైకు మనిషి కళ్ళు చెదిరితే ఆ తప్పు మీదే.

• వంద కిలోమీటర్ల లోపే చక్రాల నట్లు మళ్ళీ బిగించుకోండి.

• ఖాళీ రోడ్డులో తక్కువ వేగంతో బ్రేకులు పరీక్షించండి. బరువైన టైర్లున్న బండి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది.

• ముందు కెమెరా పెట్టించుకోండి. ఎత్తైన బానెట్ ముందు నిలబడ్డ చిన్నపిల్ల మీకు కనబడదు.

• మీ అపార్ట్‌మెంట్, మాల్ సెల్లార్ల ఎత్తు కొలుచుకోండి. పైన క్యారియర్ ఉంటే దాన్నీ కలపండి.

చేయకూడనివి

• ఎంటీ (మడ్ టెర్రైన్) టైర్లను రోజూ ఆఫీసుకు వెళ్ళే బండికి వేయకండి. తడిసిన తారురోడ్డు మీద వాటి పట్టు తక్కువ.

• స్ప్రింగుల మధ్య రబ్బరు ముక్కలు ఇరికించకండి, స్ప్రింగులను వేడిచేసి సాగదీయించకండి, వెల్డింగ్ పెట్టించకండి. ఈ మూడింటిలో ఏది చేస్తామన్నా ఆ గ్యారేజీ నుంచి బండి బయటికి తీసుకురండి.

• చౌక అని వీల్ స్పేసర్లు వేయకండి. బేరింగులు త్వరగా పోతాయి, నట్లు వదులైతే చక్రమే ఊడుతుంది.

• ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న బండిని రెండంగుళాలకు మించి లేపకండి.

• టైరు తగులుతోందని ఫెండరు కోయించకండి. చిన్న సైజుకు మారండి.

• వాడేసిన టైర్లు, ప్యాచ్ పడిన సైడ్‌వాల్ ఉన్న టైర్లు ఏ ధరకైనా కొనకండి.

• స్పీడోమీటరును పాతలా నమ్మకండి, 774 మి.మీ. నుంచి 831కి మారితే మీటరు 80 చూపినా బండి మునుపటికంటే 7 శాతం వేగంగా పోతుంటుంది.

• బైరామల్‌గూడ, ఎల్బీనగర్ ఫ్లైఓవర్ల మలుపుల్లో పాత వేగంతో తిరగకండి. బరువు పైకి జరిగిన బండి త్వరగా ఒరుగుతుంది.

• సామాను రూఫ్ క్యారియర్ మీద కుక్కకండి.

• గురువారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర జనంలోకి ముందుచూపు లేకుండా కదలకండి. చిన్నపిల్లల తల మీ బానెట్ ఎత్తుకే వస్తుంది.

• చైతన్యపురి, కొత్తపేట సందుల్లో వెనక్కి తీసేటప్పుడు అద్దాల మీదే ఆధారపడకండి. ఒకరిని దింపి నిలబెట్టండి.

• ఎత్తు పెంచాం కదా అని వరదనీటిలో దిగకండి. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగినప్పుడు రోడ్డేదో, నాలా ఏదో తెలియలేదు.

• పారే నీరు మోకాలు దాటితే అడుగు వేయకండి. గాలి నిండిన పెద్ద టైర్లు బండిని ఇంకా తేలికగా తేల్చుతాయి.

• మూత లేని మ్యాన్‌హోల్ నీటి కింద ఉండదని అనుకోకండి.

• గుట్టల్లో పట్టు కోసం గాలి తగ్గించినా 18 పీఎస్‌ఐ కిందికి పోకండి. టైరు రిమ్ నుంచి ఊడిపోవచ్చు.

• గాలి తిరిగి నింపకుండా తారురోడ్డు ఎక్కకండి. కంప్రెసర్ లేకపోతే అసలు గాలి తీయకండి.

• ఎండిన తారురోడ్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్ వేయకండి.

• ఒంటరిగా గుట్టలకు వెళ్ళకండి, అటవీశాఖ అనుమతి లేకుండా రిజర్వ్ ఫారెస్టులోకి పోకండి.

• స్టీరింగ్ గడగడ వణుకుతుంటే, బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంటే మర్నాటికి వాయిదా వేయకండి. పక్కకు ఆపి లారీ మీద గ్యారేజీకి చేర్పించండి.

• కొత్తగా ఎత్తు పెంచిన బండిని కొడుక్కో, స్నేహితుడికో మొదటి వారంలోనే ఇవ్వకండి. వాళ్ళ చేతికి పాత బండి అలవాటే ఉంటుంది.

• తీసిన కంపెనీ స్ప్రింగులు, టైర్లు పాతసామానుకు అమ్మకండి. ఆర్‌టీఏ అభ్యంతరం చెప్పినా, బండి అమ్మవలసి వచ్చినా అవే మళ్ళీ బిగించాలి.