మారుచున్న వాతావరణము – పంచాయతీల కర్తవ్యము

హైదరాబాదు పాతబస్తీకి ఎదురుగా, మూసీనది ఉత్తరపు గట్టున, ఉస్మానియా ఆసుపత్రి పాత భవనపు ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు కలదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచినపుడు సుమారు 150 మంది ఈ చెట్టు కొమ్మలను పట్టుకొని ప్రాణములు దక్కించుకొనిరి. చెట్టు దొరకనివారు వేలకొలది కొట్టుకొనిపోయిరి. ఆ వరదలో మరణించినవారు 15,000 వరకు ఉందురని అంచనా.

పంచాయతీ సభ్యులగు సోదరసోదరీమణులారా! నగరములో జరిగిన ఈ కథ మనకెందులకని మీరు తలపవచ్చును. కాని ఆ వరద నగరములో పుట్టలేదు. ఎగువ పల్లెలలోని చెరువులమీదుగా వచ్చినది.

వరద వచ్చిన త్రోవ

మూసీ వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో పుట్టి, పల్లెల మీదుగా ప్రవహించి హైదరాబాదు చేరును. వరద అనంతరము నిజాము ప్రభుత్వము సుప్రసిద్ధ ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని 1909లో రప్పించెను. నగరమునకు ఎగువన 788 చెరువులు ఉండెననియు, వానిలో 221 తెగిపోయెననియు ఆయన విచారణలో తేలినది. శంషాబాదులో ఒక్క దినమున 12.8 అంగుళములు, అనగా 32 సెంటీమీటర్లకు పైగా వాన కురిసినది. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు తెగినచో ఆ నీరంతయు క్రింది చెరువుపై పడును. అదియు తెగును. ఆ విధముగా చిన్న వరదలన్నియు కూడి మహాప్రళయమైనది. విశ్వేశ్వరయ్యగారి సలహాననుసరించి ఎగువన ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి, హిమాయత్‌సాగర్ 1927 నాటికి పూర్తియైనవి.

112 ఏండ్లు గడచినవి. 2020 అక్టోబరు 13వ తేదీన బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసరు ప్రాంతమున 32 సెంటీమీటర్లు వాన కురిసినది. ఆ వానకును, ఆ వారముననే మరల కురిసిన వానకును పాతబస్తీ దక్షిణపు అంచుననున్న పల్లెచెరువు, గుర్రంచెరువుల కట్టలు దెబ్బతిని, అలీనగర్, హాఫిజ్ బాబానగర్ మున్నగు బస్తీలు నీట మునిగినవి. కూలి చేసి కూడబెట్టుకొన్న సామానులు బురదపాలైనవి. మనుష్యులు కొట్టుకొనిపోయిరి.

రెండు వాదములు

భూమి వేడెక్కుచున్నదను మాట వచ్చినపుడు గ్రామసభలలో రెండు వాదములు వినవచ్చును. రెండును ఆలోచింపదగినవే.

మొదటిది: "1908లో ఇన్ని మోటారుబండ్లు లేవు, ఇన్ని ఫ్యాక్టరీలు లేవు. అయినను వరద వచ్చినది. అట్లయిన నేటి వరదకు భూతాపము కారణమని ఎట్లు చెప్పుదురు?"

ఒక్క వానను చూచినంతమాత్రమున దానికి భూతాపమే కారణమని చెప్పరాదు. శాస్త్రజ్ఞులు చెప్పునది వేరు. బొగ్గు, పెట్రోలు మండించినపుడు కార్బన్ డయాక్సైడు అను వాయువు వెలువడును. అది దుప్పటివలె భూమి వేడిని బయటికి పోనీయదు. ఈ వాయువు పెరిగినచో భూమి వేడెక్కునని స్వీడను శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ 1896లోనే లెక్కగట్టి చెప్పెను. 1958లో హవాయి దీవిలోని మౌనాలోవా పర్వతముపై దీనిని కొలుచుట ప్రారంభించినపుడు, గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు 315 పాళ్లుండెను. నేడది 420 దాటినది. 2011–2020 నాటికే భూమి సగటు వేడి, యంత్రయుగమునకు ముందున్నదానికంటె సుమారు 1.1 డిగ్రీలు హెచ్చినది. ఒక్క డిగ్రీ వేడెక్కిన గాలి సుమారు 7 శాతము ఎక్కువ ఆవిరిని పట్టుకొనగలదు. కనుక కురిసిన వేళ కుండపోతగా కురియుచున్నది.

పూర్వము పదేండ్లకొకసారి వచ్చెడి తీవ్రమైన ఎండ నేడు అదే పదేండ్లలో దాదాపు మూడుసార్లు వచ్చుచున్నదనియు, అట్టి భారీ వాన 1.3 సార్లు వచ్చుచున్నదనియు ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘము 2021 నివేదికలో తెలిపినది. పెనువాన పూర్వమును కలదు. ఇకమీదట అది తరచుగా రాగలదు. భేదమిది.

రెండవ వాదము: "ఈ పొగ వదలినది సంపన్న దేశములు. శిక్ష మనకా?" ఈ మాటలో న్యాయము కలదు. భారతీయుని తలసరి వంతు ప్రపంచపు సగటులో సగమైనను లేదు. మన దేశము ఈ విషయమును అంతర్జాతీయ సభలలో చెప్పుచునే యున్నది. కాని వాన ఎవరి పొగ ఎంతయని అడిగి కురియదు. న్యాయము జరుగువరకు చెరువుకట్ట ఆగదు.

మన చేతిలోనున్న పనులు

1. చెరువు: వానలకు ముందే నీరటిని వెంటబెట్టుకొని కట్టపై ఈ కొస నుండి ఆ కొసకు నడువుడు. ఎలుక బొరియలు పూడ్పింపుడు. కంపచెట్లు తీయింపుడు. తూము తలుపు కదలుచున్నదో లేదో చూడుడు. ఎక్కువ నీరు నిలుపవలెనని అలుగుపై ఇసుకబస్తాలు వేయుటయు, శిఖము భూమి మునుగకుండుటకు అలుగును పగులగొట్టుటయు రెండును ప్రమాదకరములే. వరద కాలువలో ఇండ్లు లేవకుండ, ప్లాస్టిక్ చెత్త అడ్డుపడకుండ చూడుడు.

2. చెట్టు: తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము, 2018, పంచాయతీ బడ్జెటులో 10 శాతము పచ్చదనమునకు కేటాయించుమనుచున్నది. నాటిన మొక్కలలో 85 శాతము బ్రతుకవలెనని కోరుచున్నది. నాటిననాటి ఛాయాచిత్రము కాదు, మూడవ వేసవికి నిలిచిన మొక్కయే లెక్క.

3. ఇంటి కప్పు: స్లాబుపై తెల్లని సున్నము పూసినచో ఎండ తిరిగిపోవును, ఇల్లు చల్లబడును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. మొదట పాఠశాలకు, అంగన్‌వాడీకి పూయింపుడు.

4. నిప్పు: వరి కొయ్యకాళ్లు కాల్చక దున్నింపుడు. తడిచెత్తను ఎరువు చేయింపుడు.

5. దీపము: పట్టపగలు వెలుగు వీధిదీపము పొగకును, పంచాయతీ ఖర్చునకును కారణమే.

ఒక మాట దాచరాదు. మన ఊరి సున్నపు కప్పు భూతాపమును ఆపజాలదు. అది లోకమంతయు కూడి చేయవలసిన పని. కాని బాగుచేసిన కట్ట ఒక్క ఊరిదైనను, దాని క్రిందనున్న ఊళ్లన్నిటిని కాపాడును. ఆ ఊళ్లలోనివారిలో అనేకులు మనకు తెలియనివారు, మనకు ఓటు వేయనివారు. 1908లో మూసీ తీరముననున్నవారికిని, 2020లో అలీనగర్‌లో నున్నవారికిని ఎగువ చెరువు పేరైనను తెలియకపోయి యుండవచ్చును.

రాబోవు గ్రామసభలో చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన చెరువు తెగినచో ఆ నీరు మొదట ఏ వాడకు, ఏ ఊరికి చేరును?
2. అలుగును కడపటిసారి ఎవరు, ఎప్పుడు పరిశీలించిరి?
3. క్రింది ఊరి సర్పంచికి అర్ధరాత్రి వార్త పంపవలసివచ్చినచో ఆ పని ఎవరిది?

మూడవ ప్రశ్నకు ఒక పేరు నిర్ణయించి, తీర్మానపు పుస్తకములో వ్రాసిన పిమ్మటనే సభ ముగింపుడు.