ఏటీవీతో పొలం పనులు: లాగుడు సామర్థ్యం, పనిముట్ల ఎంపిక, భద్రత

పరిచయం

ఆల్ టెర్రైన్ వెహికల్, క్లుప్తంగా ఏటీవీ, తక్కువ గాలి ఒత్తిడి గల వెడల్పాటి టైర్లు, మోటారు సైకిల్ వంటి హ్యాండిల్, సీటు కలిగిన చిన్న వాహనం. హోండా సంస్థ 1970లో మూడు చక్రాల నమూనాను అమెరికా విపణిలో ప్రవేశపెట్టింది. ఆ వాహనాలు తరచూ బోల్తాపడి ప్రాణనష్టం కలిగించినందున, 1988లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం మేరకు తయారీదారులు అమెరికాలో వాటి అమ్మకాలను నిలిపివేశారు. 1980ల ఆరంభం నుంచి వాడుకలోకి వచ్చిన నాలుగు చక్రాల నమూనాలు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో వీటిని 'క్వాడ్ బైక్' అంటారు. గొర్రెల మందలను తోలడం, కంచెల తనిఖీ, మేత రవాణా, కలుపు మందుల పిచికారీ వంటి పనులకు అక్కడి రైతులు వీటిని విరివిగా వాడుతున్నారు.

ఇంజన్ సామర్థ్యాన్ని చూసి ఏటీవీని చిన్న ట్రాక్టరుగా భావించడం సరికాదు. దాని లాగుడు సామర్థ్యాన్ని నిర్ణయించేవి వాహనం బరువు, నేలపై టైర్ల పట్టు. ఈ విషయాన్ని విస్మరించి పనిముట్టును ఎంపిక చేస్తే పని చెడుతుంది, ప్రమాదమూ సంభవిస్తుంది.

లాగుడు బలం

ఉదాహరణకు 300 కిలోల ఏటీవీపై 75 కిలోల మనిషి కూర్చుంటే మొత్తం బరువు 375 కిలోలు. నాలుగు చక్రాలకూ శక్తి అందుతూ, గట్టి నేలపై టైర్ల పట్టు బరువులో 40 శాతం ఉందనుకుంటే లాగుడు బలం 150 కిలోలు. దున్నిన వదులు నేలలో పట్టు 25 శాతానికి తగ్గితే లాగుడు బలం సుమారు 94 కిలోలకు పడిపోతుంది. వెనుక చక్రాలకే శక్తి అందే నమూనాలో వాటిపై పడే బరువే లెక్కకు వస్తుంది కాబట్టి ఈ బలం ఇంకా తగ్గుతుంది.

ఎద్దు తన బరువులో సుమారు పదో వంతు బలంతో ఎక్కువ సేపు లాగగలదు. ఆ లెక్కన ఒక్కొక్కటి 400 కిలోలుండే ఎద్దుల జత లాగుడు బలం 80 కిలోలు. అంటే వదులు నేలలో ఏటీవీ చేసే లాగుడు పని ఒక జత ఎద్దుల పనికి కొద్దిగా మాత్రమే ఎక్కువ. గంటకు 5 కి.మీ. వేగంతో 94 కిలోల బలంతో లాగడానికి 2 అశ్వశక్తి కంటే తక్కువే చాలు. ఇంజన్‌లో మిగులు శక్తి ఎంత ఉన్నా చక్రాలు జారడం మొదలయ్యాక అది పనికి అక్కరకు రాదు.

వాలు నేలల్లో ఈ సామర్థ్యం మరింత తగ్గుతుంది. 10 డిగ్రీల ఎత్తు ఎక్కేటప్పుడు వాహనం తన బరువును తాను పైకి మోసుకోవడానికే సుమారు 65 కిలోల బలం ఖర్చవుతుంది. అప్పుడు గట్టి నేలపై కూడా పనిముట్టుకు మిగిలేది 80 కిలోల చిల్లరే.

పనిముట్ల ఎంపిక

20 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. లోతు గల చాలు అడ్డుకోత వైశాల్యం 300 చదరపు సెం.మీ. నేల నిరోధం చదరపు సెం.మీ.కు అర కిలో అనుకుంటే నాగలికి 150 కిలోల బలం కావాలి. కనుక లోతు దుక్కి ఏటీవీ పని కాదు. నెమ్మదిగా అధిక బరువు లాగితే బెల్టుతో శక్తిని అందించే సీవీటీ వ్యవస్థలో బెల్టు వేడెక్కి చెడిపోతుంది. అందువల్ల బరువు పనులకు లో గేరునే వాడాలి.

దీనికి తగినవి పచ్చికబయళ్లలో పేడను చెదరగొట్టే గొలుసు హారో, తేలికపాటి దంతె, చిన్న రోలరు, బ్యాటరీతో పనిచేసే విత్తనాలు వెదజల్లే పరికరం, పిచికారీ యంత్రం, చిన్న ట్రెయిలర్. సాధారణ ఏటీవీకి పీటీఓ ఉండదు కాబట్టి వెనుక లాగే గడ్డికోత యంత్రానికి సొంత ఇంజన్ అవసరం.

పిచికారీలో హెక్టారుకు పడే ద్రావణాన్ని ఇలా లెక్కించాలి: నిమిషానికి వెలువడే లీటర్లను 600తో హెచ్చించి, వచ్చిన దానిని గంటకు కి.మీ.లలో వేగం, మీటర్లలో పిచికారీ వెడల్పుల లబ్ధంతో భాగించాలి. నిమిషానికి 8 లీటర్లు, వేగం 8 కి.మీ., వెడల్పు 4 మీటర్లు అయితే హెక్టారుకు 150 లీటర్లు పడుతుంది. వేగం సగానికి తగ్గితే మోతాదు రెట్టింపవుతుంది. కాబట్టి స్థిర వేగం తప్పనిసరి. సగం నిండిన ట్యాంకులో ద్రవం అటూ ఇటూ కదిలి వాహనం సమతౌల్యాన్ని దెబ్బతీస్తుంది. తయారీదారు సూచించిన బరువు పరిమితిని దాటరాదు.

కొక్కెం ఎత్తు

లాగే బలం ముందు చక్రాలపై బరువును తగ్గిస్తుంది. చక్రాల ఇరుసుల మధ్య దూరం 1.25 మీటర్లు, లాగుడు 100 కిలోలు అనుకుందాం. 35 సెం.మీ. ఎత్తున ఉన్న కొక్కేనికి పనిముట్టును తగిలిస్తే ముందు చక్రాలపై 28 కిలోల బరువు తగ్గుతుంది. అదే తాడును 80 సెం.మీ. ఎత్తులోని సామాను చట్రానికి కడితే 64 కిలోలు తగ్గుతుంది. ఎత్తు ఎక్కుతున్నప్పుడు పనిముట్టు వేరుకో, బండకో చిక్కుకుంటే ముందు భాగం లేచి వాహనం వెనక్కి తిరగబడుతుంది. అందుచేత తయారీదారు అమర్చిన కొక్కేనికే పనిముట్టును తగిలించాలి. పల్లంలో దిగేటప్పుడు బరువైన ట్రెయిలర్ వాహనాన్ని వెనుక నుంచి నెట్టి పక్కకు తిప్పగలదని కూడా గుర్తించాలి.

భద్రతా నియమాలు

ఆస్ట్రేలియా క్షేత్రాల్లో ప్రమాద మరణాలకు క్వాడ్ బైక్‌లు ప్రధాన కారణాల్లో ఒకటిగా నిలిచాయి. బోల్తాపడిన వాహనం కింద మనిషి నలిగిపోవడం, ఊపిరాడకపోవడం ఇందులో ముఖ్యమైనవి. ఆ దేశ ప్రభుత్వం 2019లో భద్రతా ప్రమాణాన్ని ప్రకటించింది. వాహనం ఏ కోణంలో బోల్తాపడే అవకాశం ఉందో తెలిపే చీటీని 2020 అక్టోబరు నుంచి తప్పనిసరి చేసింది. 2021 అక్టోబరు నుంచి సాధారణ వినియోగ నమూనాలకు కనీస స్థిరత్వాన్ని, చోదకుని రక్షణ చట్రాన్ని కూడా తప్పనిసరి చేసింది. హెల్మెట్ ధరించడం, ఒకరి కోసం రూపొందించిన వాహనంపై రెండో వ్యక్తిని ఎక్కించుకోకపోవడం, 16 ఏళ్లలోపు పిల్లలకు పెద్దల వాహనం ఇవ్వకపోవడం ప్రాథమిక నియమాలు.

ముగింపు

ఏటీవీ తేలికైన, వేగంగా తిరగవలసిన పనులకు అనుకూలం. నేలను చీల్చే పనులకు బరువు, పీటీఓ గల పవర్ టిల్లర్ లేదా మినీ ట్రాక్టరే తగినవి. దేనిని సిఫారసు చేసే ముందైనా విస్తరణ శాస్త్రవేత్తలు మూడు అంశాలను పరిశీలించాలి: పనిముట్టుకు కావలసిన లాగుడు బలం, ఆ నేలలో, ఆ వాలులో వాహనానికి లభించే పట్టు, కొక్కెం ఎత్తు. అశ్వశక్తిని ఆ తరువాతే లెక్కలోకి తీసుకోవాలి.