చీనా వాద్యబృందమును ఒక స్వరకర్త కచేరియు

మన పాఠశాలలో ప్రతిదినము ప్రార్థనవేళ మ్రోఁగు హార్మోనియమును విద్యార్థులందఱు నెఱుఁగుదురు. దాని పైపలకను తీసి లోపల చూచినవారు మాత్రము కొందఱే. తిత్తినుండి వచ్చు గాలి సన్నని ఇత్తడి నాలుకలను కదలింపఁగా, ఒక్కొక్క నాలుక తన నిడివినిబట్టి ఒక్కొక్క స్వరమును పలుకును. ఈ యుపాయము పడమటివారిదని తలఁచుట వాడుక. కాని యిట్టి నాలుకలతో పలుకు వాద్యము చీనాదేశమున రెండువేల యేండ్లకు పూర్వమే కలదు. దాని పేరు షెంగ్. ప్రాచీనకాలమున నొక సొరబుఱ్ఱలో వెదురుగొట్టములను గుత్తిగా నిలిపి, ఒక్కొక్క గొట్టము నడుగున నొక నాలుకను అమర్చి దానిని చేసెడివారు. అమియో యను ఫ్రెంచి జెసూటు పాదిరి 1777 ప్రాంతమున పీకింగునుండి షెంగులను పారిసునకు పంపెను. ఐరోపావారు ఇట్టి నాలుకలతో ప్రయోగములు చేయుటకు ఈ వాద్యము ప్రేరణ యయ్యెనని సంగీతచరిత్రకారులు పలువురు చెప్పుదురు. 1842వ సంవత్సరమున పారిసునందు డెబెయిన్ అనునతఁడు హార్మోనియమునకు పేటెంటు పొందెను. పిమ్మట మిషనరీలవెంట అది హిందూదేశమునకు వచ్చెను. కావున షెంగ్ మన హార్మోనియమునకు తాతవరుస యగును. ఈ చుట్టఱికమును తలఁచుకొనియే చీనా వాద్యములనుగూర్చి వ్రాయఁబూనితిని.

చీనావారు వాద్యములను ఎనిమిది తరగతులుగా విభజించిరి. మన భరతశాస్త్రము తతము, సుషిరము, అవనద్ధము, ఘనము అని ధ్వని పుట్టు విధమునుబట్టి నాలుగుగా చెప్పఁగా, వారు వాద్యము దేనితో చేయఁబడెనో దానినిబట్టి లోహము, ఱాయి, పట్టు, వెదురు, సొరబుఱ్ఱ, మన్ను, తోలు, కొయ్య అని యెంచిరి. పట్టు అనఁగా పట్టుదారముతో పేనిన తీఁగలు. ఈ లెక్కలోనే వారి మనస్సు కొంత తెలియుచున్నది. స్వరమునకంటె ముందుగా ఆ పదార్థముయొక్క పలుకు వారి చెవికి తగిలెనేమో యని నాకుఁ దోఁచును.

ప్రాచీనకాలమున రాజసభలలో పెద్దమేళములు లేకపోలేదు. 1978వ సంవత్సరమున హూబే రాష్ట్రమునందు త్రవ్విన యొక ప్రభువు సమాధిలో 65 కంచుగంటలు వరుసలుగా వ్రేలాడుచు దొరకెను. అవి క్రీస్తుపూర్వము అయిదవ శతాబ్దమునాఁటివి. అం దొక్కొక్క గంట, కొట్టిన చోటునుబట్టి రెండు వేఱు స్వరములను పలుకును. అయినను ఇటీవలి శతాబ్దములలో జనులు విన్న సంగీతము చిన్న మేళములది. షాంగైప్రాంతపు తేనీటిశాలలలో ఏడెనమండుగురు బల్లచుట్టు కూర్చుండి, అందఱు నొక్క రాగమునే ఎవరి వాద్యమునకు తగిన అలంకారములతో వారు వాయించెడివారు. వేణువువాఁడు ఒక స్వరమును వణకించును. పిపావాఁడు అదే స్వరమును తునియలు తునియలుగా మీటును. పడమటి హార్మొనీ వలె వేఱువేఱు స్వరములను ఒకదానిపై నొకటి పేర్చుట అందు ముఖ్యము కాదు. మన భజనగోష్ఠిలో ఒకే కీర్తనను పదిగొంతులు తలయొక తీరున పాడుటను విన్నవారికి ఇది సులభముగా బోధపడును.

ఇట్టి వాద్యములను చేర్చి పెద్ద బృందముగా నిలుపవలెనను ప్రయత్నము ఇరువదవ శతాబ్దమున పుట్టెను. ఆ మార్పునకు దారితీసినవారిలో లియు టియన్‌హువా అను ఉపాధ్యాయుని ముందుగా చెప్పవలెను. ఆయన 1895లో జన్మించి, 1922నుండి పీకింగు విశ్వవిద్యాలయమున ఎర్‌హు, పిపా వాద్యములను నేర్పెను. ఎర్‌హు అనఁగా రెండు తీఁగల కమాను వాద్యము. అంతకుముందు అది వీథిగాయకులకును, బిచ్చగాండ్రకును తగినదని చదువుకొన్నవారు చులకనగా చూచెడివారు. లియు తాను వయొలినుకూడ నేర్చి, ఆ సాధనపద్ధతిని ఎర్‌హుకు అన్వయించి, దానిపై ఏకాకిగా వాయింపఁదగిన పది కృతులను రచించెను. 1927లో దేశీయసంగీతమును సంస్కరించుటకై యొక సంఘమును స్థాపించెను. 1932లో పీకింగునందలి టియన్‌చియావ్ బజారునకుఁ బోయి, అచ్చటి డప్పు తాళవాద్యగాండ్రవద్ద వారి వరుసలను వ్రాసికొనుచుండఁగా అంటుజ్వరము తగిలి, ముప్పదియేడేండ్ల ప్రాయముననే మరణించెను. పండితుఁడై యుండియు బజారుమేళమువారివద్ద శిష్యునివలె కూర్చున్న యీ మనుష్యునియందు నాకు మిక్కిలి గౌరవము.

1935లో నాన్‌కింగు రేడియో కేంద్రమున నొక వాద్యబృందము ఏర్పడెను. 1953లో పీకింగు రేడియోవారు మఱియొకదానిని నెలకొల్పిరి. పెంగ్ షియువెన్ అను నాయకుఁడు దానిని పెంచి పెద్దచేసెను. కమాను వాద్యములు, మీటు వాద్యములు, ఊఁదు వాద్యములు, కొట్టు వాద్యములు అని నాలుగు వరుసలు. నడుమ నాయకుఁడు, చేత కఱ్ఱ. అరువది యెనుబదిమంది వాద్యగాండ్రు. ఆ కూర్పంతయు పడమటి ఆర్కెస్ట్రా ననుసరించినదే.

ఇచ్చటనే కష్టము పుట్టెను. ఎన్నఁడును కలిసి మ్రోఁగుటకు చేయఁబడని వాద్యములను ఒక్క శ్రుతికి తెచ్చుట యెట్లు? పట్టుతీఁగలకు బదులు ఉక్కుతీఁగలు కట్టిరి. ధ్వని బిగ్గరయయ్యెను, మృదుత్వము తగ్గెను. పిపా మెట్లను పెంచి, పడమటి పండ్రెండు సమభాగములకు సరిపఱచిరి. పైస్థాయి వాద్యములు కావలసినన్ని యున్నవి గాని మంద్రస్థాయి కమాను వాద్యము లేదు. పందిరికి రాటలు లేనట్లయ్యెను. అందుకై 1950 తరువాత గెహు అను పెద్ద వాద్యమును కల్పించిరి. అది అన్నిచోట్లను నిలువలేదు. నేఁటికిని అనేక చీనా బృందములలో పడమటి చెల్లో, డబుల్ బాసు వాద్యములే ఆ చోటున కూర్చుండును. పెంగ్ ఈ బృందముచేత ముస్సోర్గ్‌స్కీ అను రష్యా స్వరకర్తయొక్క చిత్రప్రదర్శనకృతినిగూడ వాయింపించెను. ఆ సామర్థ్యము మెచ్చఁదగినదే. అయినను వినుచున్నంతసేపు నాకొక సందియము విడువలేదు. వయొలిను చేయు పనిని ఎర్‌హుచేత చేయించిన, అది రెండవతరగతి వయొలిను కాదా?

ఈ సందియమునే ఒక యువకుఁడు పీకింగునందు కచేరిరూపమున అడిగెను. ఆయన పేరు టాన్ డున్. 1957లో హూనాన్ రాష్ట్రమున చాంగ్‌షా ప్రాంతమందు జన్మించెను. పల్లెలో అవ్వయొద్ద పెరిగి, పెండ్లిపాటలను, చావుపాటలను, భూతవైద్యుల మంత్రములను వినుచుండెను. సాంస్కృతికవిప్లవకాలమున పట్టణపుపిల్లలను పొలములకు పంపినప్పుడు ఆయనయు వరినాట్లు వేసెను. అచ్చట రైతుల పాటలను సేకరించి, దొరికిన వాద్యములతోను, కుండలతోను, పెనములతోను గ్రామమేళమును నడిపెను. పిమ్మట నొక నాటకసమాజపు పడవ మునిఁగి వాద్యగాండ్రు పలువురు మరణింపఁగా, ఆ కొఱఁత తీర్చుటకై ఆయనను పిలిచిరి. విప్లవకాలమున మూఁతపడిన పీకింగు సంగీతకళాశాల మరల తెఱవఁబడఁగా 1978లో అందు ప్రవేశించెను. 1983లో ఆయన తంత్రీచతుష్టయకృతికి జర్మనీలోని డ్రెస్డెనునందు బహుమానము వచ్చెను. ఆ యేఁడే స్వదేశమున ఆయన సంగీతము విజాతీయమని అధికారులు నిందించిరి.

1985లో పీకింగునందు, కేవలము చీనా వాద్యములకై తాను రచించిన కృతులతో ఆయన కచేరి జరిపెను. ఆ సభలో నేను లేను. నా తెలివిడి యంతయు ధ్వనిముద్రణలవలనను, గ్రంథములవలనను కలిగినదే. ఆ కాలమున ఆయన వ్రాసినవానిలో ఎర్‌హు, యాంగ్‌చిన్ వాద్యములకు షువాంగ్ చుయే, గూజెంగ్, నిలువువేణువులకు నాన్ షియాంగ్‌జి అనునవి కలవు. యాంగ్‌చిన్ అనునది మన కాశ్మీరపు సంతూరునకు బంధువు. పారసీకమునుండి చీనాకు పోయినది. ఈ కృతులలో వాద్యము పడమటి వాద్యమును అనుకరింపదు. తీఁగపై వ్రేలు జాఱుట, కమాను ఒరపిడి, వేణువులో ఊపిరి, నడుమ నిశ్శబ్దము, ఇవన్నియు స్వరములతో సమానముగా ఎంచఁబడినవి. ఇతరులు దోషమని తుడిచివేసిన చప్పుడునే ఆయన సంగీతమునకు ఆధారముగాఁ గొనెను.

పీకింగు సంగీతపత్రికలలో వాదములు చెలరేగెను. పెద్దవారు కొందఱు ఇది సంప్రదాయభంగమనిరి. పడుచువారు, సంప్రదాయమునకు మరల ప్రాణము వచ్చెననిరి. విచిత్ర మేమన, సంప్రదాయమని పెద్దలు కాపాడఁజూచిన బృందమునకు అప్పటి కేబదియేండ్లే. ఆ యువకుఁడు తెచ్చిన జాఱుధ్వనులు శతాబ్దములవి.

ఈ భేదము బోధపడుటకు మన హార్మోనియమే చాలును. స నొక్కి పిదప రి నొక్కుఁడు. ఒక మెట్టునుండి మఱియొక మెట్టుమీఁదికి గంతువేసినట్లుండును. నడుమనున్న త్రోవ దానికి లేదు. ఎర్‌హుకు మెట్లును లేవు, వ్రేళ్లక్రింద పలకయును లేదు. దాని రెండు తీఁగలు మన స, ప లంత దూరమున శ్రుతిచేయఁబడును. కమాను వెండ్రుకలు ఆ రెండు తీఁగల నడుమనే యుండును. వ్రేలు తీఁగను తాఁకి జాఱఁగా, సకు రికి నడుమనున్న త్రోవయంతయు వినఁబడును. తరగతిలో ఒకనాఁడు దాని ధ్వనిముద్రణమును వినిపింపఁగా, "మాష్టరుగారూ, ఎవరో ఏడ్చుచున్నట్లున్నదండి" అని యొక బాలుఁడనెను. మఱియొకఁడు మధ్యాహ్నపు విరామమున ఆ పలుకును హార్మోనియముమీఁద వెదకి వెదకి, ప్రక్కప్రక్కనున్న మెట్లు రెండును ఒక్కసారి నొక్కి, నవ్వి లేచిపోయెను.

మనదేశమునను ఈ తగవు జరిగినదే. గమకము పలుకదనియు, శ్రుతులు సమభాగములుగా కోయఁబడినవనియు చెప్పి, 1940లో అఖిలభారత రేడియోవారు హార్మోనియమును తమ కేంద్రములనుండి వెలివేసిరి. రవీంద్రనాథ ఠాకూరుగారికిని ఆ వాద్యము గిట్టలేదు. ఆ నిషేధము 1971లోఁ గాని సడలలేదు. అంతకాలమును మన తెలుఁగు పద్యనాటకములు ఆ పెట్టెయండ లేక యొక్క రాత్రియు నడవలేదు. నేను హార్మోనియముతో పాడి పెరిగినవాఁడను, దానిని నిందింపలేను. అయినను మన పాటలలో కొన్ని వంపులు ఆ మెట్లమీఁద నడచి నడచి తిన్ననైపోయినవని యొప్పుకొనకతప్పదు.

టాన్ డున్ 1986లో అమెరికాకు పోయి న్యూయార్కునందు చదివెను. 1997లో హాంకాంగు చీనాకు మరల చేరినప్పుడు, పైఁజెప్పిన కంచుగంటలనుగూడ తన కృతిలో మ్రోఁగించెను. నీటిని తట్టియు, కాగితమును చింపియు నాదము పుట్టించు కృతులను తరువాత రచించెను. అవన్నియు నాకు సమానముగా రుచింపవు. కొన్ని గారడివలె తోఁచును. తొలినాఁటి చిన్న కృతులే నాకు ప్రియములు.

వాద్యబృందములవారికి మఱియొక చిక్కు కలదు. ఎర్‌హు బుఱ్ఱకు కొండచిలువ చర్మమును కప్పుదురు. చర్మము వానకాలమున వదులగును, పొడిగాలిలో పగులును. పైగా ఆ జంతువు రక్షింపఁబడవలసినది గనుక, వాద్యమును దేశాంతరము గొనిపోవుటకు అనుమతిపత్రములు కావలెను. 1977లో స్థాపింపఁబడిన హాంకాంగు చీనా వాద్యబృందమువారు 2005నుండి చర్మమునకు బదులు కృత్రిమపుపొరను బిగించి పరీక్షించి, 2009నాఁటికి తమ కమాను వాద్యముల నన్నింటిని మార్చిరి. కొత్త పొర శ్రుతిని చక్కఁగా నిలుపుచున్నది. అందు పాముచర్మపు పలుకు వచ్చునా రాదా యనుటలో వాద్యగాండ్రలో నింకను భిన్నాభిప్రాయములు కలవు.