‘సరదాకే అన్నాను’ అనే మాట వెనక ఏముంది?

రాయ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. విజయనగరం నుంచి అక్కడికి నేరుగా రైలు మార్గం ఉంది. అక్కడి ఓ బడిలో చదివే తెలుగు అబ్బాయి హిందీ యాసను వెక్కిరిస్తూ తోటి విద్యార్థి ఒకడు తరగతి వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడనుకుందాం. దాని కింద వరుసగా నవ్వుల ఎమోజీలు. మర్నాడు టీచర్ నిలదీస్తే వచ్చే జవాబు ఊహించదగ్గదే: “మజాక్ థా, మేడమ్!”

ఆ కుర్రాడికి తప్పొప్పులు తెలియవా? తెలుసు. తన తమ్ముణ్ణి ఎవరైనా అలా ఏడిపిస్తే ఊరుకోడు. తెలిసిన నీతిని అవసరమైన చోట పక్కన పెట్టే ఈ ప్రక్రియకు మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బాండూరా ‘మోరల్ డిసెంగేజ్‌మెంట్’ అని పేరు పెట్టారు. తెలుగులో నైతిక వియోగం అనవచ్చు. ‘సరదాకే’ అంటే చేసిన పనికి పేరు మారుతుంది. ‘అందరూ ఫార్వర్డ్ చేశారు’ అంటే బాధ్యత పంచుకుపోతుంది. ‘వాడే రెచ్చగొట్టాడు’ అంటే తప్పు బాధితుడి మీదకు వెళుతుంది. బాండూరా ఇలాంటి దారులు ఎనిమిది చెప్పారు.

వీటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఎదుటివాణ్ణి మనిషిగా చూడకపోవడం. 1975లో బాండూరా బృందం కళాశాల విద్యార్థులతో ఒక ప్రయోగం చేసింది. వేరే బృందం తప్పు చేసినప్పుడు ఎంత తీవ్రమైన విద్యుత్ షాక్ ఇవ్వాలో ఈ విద్యార్థులు నిర్ణయించాలి. నిజానికి షాక్ ఎవరికీ తగలదు, ఆ సంగతి వాళ్లకు తెలియదు. అవతలివాళ్లు జంతువుల్లాంటివాళ్లన్న మాట ముందే చెవిన పడిన విద్యార్థులు ఎక్కువ తీవ్రతను ఎంచుకున్నారు. మంచివాళ్లని విన్నవారు అందరికన్నా తక్కువ ఎంచుకున్నారు. బాధ్యత గుంపుదైనప్పుడు కూడా తీవ్రత పెరిగింది. గ్రూపులో తగిలించే మారుపేరు చేసే పనీ ఇదే.

దీనికి ఫోన్ తెర తోడవుతుంది. ఎదురుగా ఉంటే కళ్లలో నీళ్లు కనిపిస్తాయి, తెర మీద రెండు నీలి టిక్కులే కనిపిస్తాయి. సహానుభూతి మేలుకోవడానికి కావలసిన సంకేతమే అందదు. సహానుభూతిలోనూ రెండు రకాలున్నాయి. ఎదుటివారి బాధను అర్థం చేసుకోవడం ఒకటి, ఆ బాధ తనకూ కలగడం మరొకటి. మొదటిది మాత్రమే ఉన్నవాడికి ఏ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో బాగా తెలుస్తుంది. అందుకే ‘అవతలివాడి స్థానంలో ఉండి ఆలోచించు’ అనే హితబోధ ఒక్కటే చాలదు.

8–18 ఏళ్ల పిల్లలు 17,776 మందికి సంబంధించిన అధ్యయనాలను 2014లో జినీ, పొజ్జోలి, హైమెల్ కలిపి విశ్లేషించారు. నైతిక వియోగానికీ దూకుడు ప్రవర్తనకూ సహసంబంధం 0.28గా తేలింది. దీన్ని వర్గం చేస్తే సుమారు 8 శాతం. అంటే పిల్లల ప్రవర్తనలోని తేడాలో ఇది వివరించేది కొంత భాగమే. పైగా ఏది కారణమో, ఏది ఫలితమో సహసంబంధం చెప్పదు.

అయినా టీచర్లకు ఇందులో పనికొచ్చే సూచన ఉంది. ‘ఎవరు చేశారు?’ అనే విచారణతో ఆపకుండా పిల్లలు చెప్పే సాకులనే బోర్డు మీద రాసి, ఒక్కొక్కటీ ఏం దాస్తోందో వాళ్లచేతే చెప్పించవచ్చు. ఎమోజీ పెట్టి ఊరుకున్నవాళ్లు కూడా ఆ చర్చలో ఉండాలి. వేధింపు భరించలేని స్థాయికి చేరితే స్క్రీన్‌షాట్లు దాచి పెద్దలకు చూపాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయడానికి డబ్బు ఖర్చవదు.